తారు గీత

ఈ వేసవి మొదట్లో రంగుల కాంట్రాక్టరొకడు మా ఇల్లు చూడ్డానికి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. హాల్లో ఒక చుట్టు, పడగ్గదిలో ఒక చుట్టు తిరిగి, ఫోనులో నాలుగు ఫొటోలు తీసుకుని, "నాలుగు రోజులివ్వండి సార్, ఇల్లు కొత్తదైపోతుంది. రెండు కోట్లు పుట్టీ, ఒక ప్రైమరు, పైన ఎమల్షను. కింద నాలుగున్నర అడుగుల దాకా పీవీసీ ప్యానెళ్ళు కొట్టేస్తే ఈ చెమ్మ గొడవే ఉండదు" అన్నాడు.

"చెమ్మ ఎక్కడికి పోతుంది నాయనా?" అని అడిగాను.

"కనపడదు కద సార్" అన్నాడు.

అంతే. ఆ గోడకి చెమ్మ ఎందుకొచ్చిందో అడగలేదు. ఎంత లోతుకి దిగిందో చూడలేదు. అరచెయ్యి ఆనించి కూడా చూడలేదు. నేను ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ కొలువులో ఓవర్సీరుగా చేసి రిటైరైన వాణ్ణి. గోడ దగ్గరికి వెళ్తే ముందు చెయ్యి పెట్టి చూడాలని, తర్వాత వేలి కణుపుతో కొట్టి చప్పుడు వినాలని నాకు నేర్పింది ఇంజినీర్లు కాదు, తాపీమేస్త్రీలు. ఆ మేస్త్రీలు ఇప్పుడు లేరు. వాళ్ళ మనవలు పుట్టీ పట్టుకుని తిరుగుతున్నారు.

మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంది. 1991లో నేనే దగ్గరుండి కట్టించాను. ప్రతి ఇటుకా నీళ్ళలో నానబెట్టించి మరీ పెట్టించాను. స్లాబు పోశాక దాని మీద మట్టి గట్లు కట్టి, నీళ్ళు నిలబెట్టి, రెండు వారాల పాటు పొద్దున్న ఆఫీసుకి వెళ్ళే ముందూ సాయంత్రం వచ్చాకా ఎక్కి చూసుకున్నాను. ముప్పై మూడేళ్ళు ఆ స్లాబు ఒక్క చుక్క కారలేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకి గండ్లు పడి, ఆ నీళ్ళన్నీ మా పేటల మీదికి వచ్చాయి. ఇంటి అరుగు రెండడుగుల ఎత్తు ఉన్నా హాల్లో నాలుగడుగుల నీళ్ళు నిలిచాయి. నేనూ మా ఆవిడా డాబా మీద ఉన్నాం. మా వీధిలో నీళ్ళు వారం దాటినా పూర్తిగా తియ్యలేదు. తీశాక మిగిలింది బురద, కంపు, గోడల చుట్టూ కొలబద్ద పెట్టి గీసినట్టు ఒక మరక.

ఇప్పుడు ఈ ఇల్లు అమ్ముతున్నాం. వరదకి భయపడి మాత్రమే కాదు. మా ఆవిడ మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు, మా అమ్మాయి హైదరాబాదులో ఉంది, ఇద్దరం ఒంటరిగా ఇక్కడ ఉండడం దానికి ఇష్టం లేదు. అమ్మాలనుకున్న దగ్గర్నుంచి ఇంటికి వచ్చిన ప్రతివాడూ చెప్పింది ఒకటే మాట: ముందు ఆ మరక మాయం చెయ్యండి.

నాకు మా నాన్న గుర్తొస్తున్నాడు.

మాది గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. సున్నంతో కట్టిన గోడలు, పైన బంగళా పెంకులు, టేకు వాసాలు, ముందు వసారా, వెనక పెరట్లో నుయ్యి. 1986 ఆగస్టులో వరదొచ్చింది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు నమోదైన వరద అది. నా వయసు వాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. నేను అప్పుడు ఉద్యోగం మీద దూరంగా ఉన్నాను. అమ్మా నాన్నా మూడు రోజులు అటక మీద ఉన్నారు, బియ్యం బస్తా, కిరసనాయిలు పొయ్యి, దేవుడి పటాలతో. నేను నాటుపడవ మీద వెళ్ళేసరికి నీళ్ళు తీశాయి. నాన్న వసారాలో నిలబడి, పడవలకి పూసే తారు డబ్బా ఒకటి పట్టుకుని, గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తున అడ్డంగా గీత గీస్తున్నాడు. నన్ను పలకరించడానికి ముందు గీత పూర్తి చేశాడు.

ఆ తర్వాత ప్రతి సంక్రాంతికీ వెల్ల వేసేవాళ్ళు. గుల్ల సున్నం గోలెంలో పోసి నీళ్ళు కొడితే కుతకుత ఉడికేది. అది రెండు మూడు రోజులు నానాక, గుడ్డలో వడగట్టి, కాస్త జిగురూ కాస్త నీలిమందూ కలిపి, జనపనార కుంచెతో వేసేవారు. వెల్ల వేసే మనిషి ఆ గీత దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆపి, గీత వదిలి, మళ్ళీ కింద నుంచి మొదలుపెట్టేవాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. అది చెరపకూడనిదని తెలుసు.

1989లో నాన్న ఆ ఇల్లు అమ్మాలనుకున్నాడు. అమ్మే ముందు వేసవి అంతా ఇంట్లో పనే. పెంకులు మొత్తం దింపించాడు. పగిలినవి తీసేసి, నాచు పట్టినవి కడిగించి, తక్కువైనవి కొత్తవి తెప్పించి మళ్ళీ పేర్పించాడు. చెద తిన్న వాసాలు రెండు మార్పించాడు. కొత్త వాసాల చివరలకి, గోడలోకి పోయే భాగానికి, జీడిగింజ పెంకుల నూనె పూయించాడు. అది ముట్టుకుంటే చర్మం పొక్కుతుంది, చెద దాని జోలికి రాదు. నూతిలో పూడిక తీయించాడు. వంటింటి గచ్చు ఒకచోట డొల్లగా మోగుతుంటే, పైపైన మెత్తకుండా అక్కడికి అక్కడ తవ్వించి, కింద రాళ్ళు సర్ది కొత్తగా పోయించాడు. వీధి తలుపు గడియ బిగిస్తే మా అమ్మ అడగనే అడిగింది, "అమ్మేసే కొంపకి ఇంత డబ్బు పొయ్యడం ఎందుకండీ" అని.

"ఆషాఢంలో నడినెత్తిన చుక్క పడితే వాళ్ళు ఎవర్ని తలుచుకుంటారే?" అన్నాడు నాన్న.

కొనుక్కునే ఆయన పక్క ఊరివాడు. తల్లినీ, మేనమామనీ వెంటబెట్టుకుని వచ్చాడు. నాన్న చేతికర్ర ఆయన చేతికిచ్చి, "ఎక్కడ కావాలంటే అక్కడ కొట్టి చూసుకోండి" అన్నాడు. నడింట్లో దూలం చూపించి, "ఇది లోపల కొంచెం పుచ్చింది. దీన్ని మార్చాలంటే కప్పంతా విప్పాలి, అంత నాకు కుదర్లేదు. దానికి తగ్గ మొత్తం రేటులో తగ్గిస్తాను" అన్నాడు. చివరికి వసారాలోకి తీసుకొచ్చి గీత చూపించాడు. ఆ ముసలావిడ గీత మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి అలాగే తన గుండెల దాకా తీసుకెళ్ళి ఎత్తు చూసుకుంది. "మూడు రోజులు ఉందమ్మా ఇంత ఎత్తున. అటక గట్టిది, నలుగురు ఉండొచ్చు" అన్నాడు నాన్న. వాళ్ళు ఆ రోజు ఏమీ చెప్పకుండా వెళ్ళారు. పది రోజులకి బయానా తెచ్చారు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో ఆ కొనుక్కున్నాయన కొడుకు నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. వాళ్ళు ఇల్లు కొన్న ఏడాదే అటకని ఇంకా వెడల్పు చేయించారట. దస్తావేజులు, విత్తనాల వడ్లు, మందుల పెట్టె ఎప్పుడూ గీతకి పైన ఉండేలా గూళ్ళు కట్టించారట. 2006 ఆగస్టు వరదలో నీళ్ళు ఇంట్లోకి వచ్చినా వాళ్ళకి విత్తనం గింజ తడవలేదట. "మీ నాన్నగారు గీత చెరిపేసుంటే మాకు తెలిసేది కాదండీ" అన్నాడు. నాన్న అప్పటికి లేడు. ఆయనకి ఈ మాట చెప్పలేకపోయానని నాకు ఇప్పటికీ బాధ.

ఆ రోజుల్లో మోసం లేదని నేను అనను. హద్దురాళ్ళు జరిపినవాళ్ళని చూశాను, ఒకే స్థలం ఇద్దరికి రాసిన వాళ్ళనీ చూశాను. అయితే ఇంటి జబ్బు దాచడం మాత్రం అప్పుడు కష్టం. ఎందుకంటే సున్నం దేన్నీ దాచదు. గోడలో చెమ్మ ఉంటే, మీరు ఎన్ని వెల్లలు వేసినా, మళ్ళీ పైకి వచ్చి కనపడుతుంది. సున్నం గాలి పీలుస్తుంది. గోడలో ఉన్న తడిని బయటికి వదులుతుంది. మీకు కనపడే ఆ మచ్చే గోడ ఆరుతోందనడానికి గుర్తు. ఇప్పటి రంగులు అలా కాదు. ఎమల్షను గోడకి రబ్బరు తొడుగు వేసినట్టు మూసేస్తుంది. లోపల తడి లోపలే ఉండి, ఉప్పు పోగుపడి, రెండో వానాకాలానికి పొక్కులు పొక్కులుగా ఊడుతుంది. ఆ రెండో వానాకాలానికి అమ్మినవాడు ఆ ఊళ్ళో ఉండడు.

ఆ ప్యానెళ్ళ సంగతి ఇంకా ఘోరం. తడిగోడ మీద ప్లాస్టిక్కు రేకు బిగిస్తే వెనక గాలాడదు, వెలుతురు రాదు. బూజు పెరగడానికి, చెద పాకడానికి, బొద్దింకలు కాపురం పెట్టడానికి అంతకన్నా అనువైన చోటు ఇంకోటి లేదు. ఆ గదిలో రేపు పసిపిల్లలు పడుకుంటారు. ఆ బూజు గాలి పీలుస్తారు. దగ్గొచ్చి, ఆయాసమొచ్చి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారే గానీ గోడ వెనక ఏముందో ఆ తల్లిదండ్రులకి తట్టదు. నాకు కోపమంతా ఇక్కడే.

కప్పుల సంగతి నేను కళ్ళారా చూశాను. రెండేళ్ళ కిందట మాకు తెలిసిన ఒక కుటుంబం పాత అపార్టుమెంటులో ఫ్లాటు కొంది. హాలంతా జిప్సం ఫాల్స్ సీలింగు, వరసగా దీపాలు. గృహప్రవేశానికి పిలిచారు, వెళ్ళాను. బాగుందన్నాను కూడా. ఏడాదికి ఆ సీలింగు ఒక మూల జారితే తీసి చూశారు. పైన స్లాబులో ఊచలు బయటపడి ఉన్నాయి. నీళ్ళు దిగి దిగి ఇనుముకి తుప్పు పట్టింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కింద ఉన్న కాంక్రీటుని తన్నేస్తుంది, పెచ్చులు ఊడతాయి. దానికి చెయ్యాల్సిన వైద్యం అందరికీ తెలిసిందే. ముందు నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో పట్టుకుని ఆపాలి. వదులైన కాంక్రీటంతా కొట్టేసి, ఊచల తుప్పు బ్రష్షుతో గీకి, తుప్పు పట్టకుండా మందు పూసి, మరీ సన్నగిల్లిన చోట కొత్త ఊచ జతచేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. ఆ ఫ్లాటు అమ్మినవాళ్ళు ఇవేమీ చెయ్యలేదు. కింద ఒక అందమైన పలక బిగించారు. అడిగితే, మా ఇంటీరియరు వాళ్ళు పెట్టారండీ అన్నారట.

కరెంటు సంగతీ అంతే. పాత రోజుల్లో చెక్క బద్దీల మీద వైరింగు ఉండేది. చూడ్డానికి బాగుండదు, ఏ వైరు ఎక్కడికి పోతోందో మాత్రం కంటికి కనపడేది. పెరట్లో గొయ్యి తవ్వి, పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా పోసి ఎర్తింగు చేసేవాళ్ళం. ఎండాకాలంలో ఆ గోతిలో రోజూ రెండు బిందెలు పొయ్యడం ఇంట్లో ఎవరో ఒక పిల్లాడి పని. ఇప్పుడు అమ్మకానికి పెట్టే పాత ఇళ్ళకి కొత్త స్విచ్ బోర్డులు బిగిస్తున్నారు, అద్దంలా మెరుస్తూ. మూడు కన్నాల సాకెట్టు ఉంటుంది. వెనక విప్పి చూస్తే మూడో కన్నానికి వైరే ఉండదు. గీజరు పెట్టుకుని స్నానం చేసేవాడి ప్రాణం ఆ లేని వైరు మీద ఆధారపడి ఉంది.

వాస్తు పేరు చెప్పి గోడలు కొట్టడం ఇంకో పిచ్చి. కొనేవాళ్ళు ఈశాన్యం చూస్తారని, తలుపు ఇటు మార్చండి, ఆ గోడ తీసేయండి అని మధ్యవర్తులు చెబుతారు. పాత ఇళ్ళలో చాలావాటికి పిల్లర్లు ఉండవు. స్లాబు బరువంతా గోడల మీదే. అందులో ఒక గోడ కోసి, పైన బీము కూడా వెయ్యకుండా తలుపు పెడితే ఆ బరువు ఎవరు మోస్తారు? నా సర్వీసులో అలా కోసిన గోడల మీద పడ్డ పగుళ్ళు ఎన్ని చూశానో. ఏటవాలుగా, తలుపు మూల నుంచి కప్పు దాకా. దాన్నీ పుట్టీ పెట్టి మూస్తారు.

ఇదంతా ధర్మాధర్మాల విషయమే కాదు, చట్టం కూడా ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 55. కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా అమ్మేవాడికి తెలిసి ఉంటే, దాన్ని కొనేవాడికి చెప్పి తీరాలని ఆ సెక్షను అంటోంది. చెప్పకపోతే అది మోసమని కూడా అక్కడే రాసి ఉంది. దాదాపు నూట యాభై ఏళ్ళ నాటి మాట. కొత్త ఫ్లాటయితే 2016లో వచ్చిన రెరా చట్టం ఉంది, కట్టడంలో లోపం ఐదేళ్ళలోగా బయటపడితే బిల్డరు తన ఖర్చుతో బాగుచెయ్యాలి. పాత ఇల్లు కొనేవాడికి ఆ బిల్డరు లేడు. అతను పన్ను రసీదు చూస్తాడు, లింకు డాక్యుమెంట్లు చూస్తాడు, ఈసీ తీయిస్తాడు. ఈసీలో తాకట్టు కనపడుతుంది, చెమ్మ కనపడదు. ఇంత చేసి, ఇరవై ఏళ్ళ వాయిదాల అప్పు నెత్తిన పెట్టుకుని, రిజిస్ట్రేషను నాడు ప్రభుత్వానికి లక్షకి ఏడున్నర వేలు కట్టి, తాళం చేతికి తీసుకుంటాడు. అతనికి ఇంటి గురించి నిజం చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు, ఆ ఇంట్లో ఉండి లేచిపోతున్నవాడు.

మా మధ్యవర్తి మంచి కుర్రాడే. "బాబాయ్ గారూ, పేట మొత్తం మునిగింది, అది లోకానికి తెలుసు, మళ్ళీ మనం గీత గీసి చూపించడం ఎందుకు?" అంటాడు. పేట మునిగిందని తెలుసు నాయనా, ఈ ఇంట్లో ఎంత ఎత్తున నిలిచిందో తెలియదు కదా. అరడుగు తేడాలో ఫ్రిజ్జు బతుకుతుంది, ఇన్వర్టరు బతుకుతుంది. మంచం పట్టిన మనిషి ఉంటే ఆ మనిషి బతుకుతుంది. మా అల్లుడుగారు ఫోను చేశారు. ఆయన నెమ్మదస్తుడు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు. "మామయ్యగారూ, మీరు చెప్పేది కాదనను. కానీ ఐదారు లక్షలు తగ్గుతుందంటున్నారు. పెద్దవయసులో మీ ఇద్దరికీ అది అక్కరకొచ్చే డబ్బు" అన్నారు. నిజమే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే మా ఆవిడ కాఫీ గ్లాసు అందిస్తూ, "మీ నాన్నగారు ఆ దూలానికి ఎంత తగ్గించారు?" అని అడిగింది. నాకు గుర్తులేదు. ఎంత తగ్గించాడో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ఆ రోజే పాత మేస్త్రీ ఒకాయన్ని వెతికి పట్టుకున్నాను. అరవై దాటాయి, ఒక చెయ్యి సరిగా లేవదు, కొడుకుని తోడు తెచ్చుకుంటాడు. ఆయన వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

మరక పైన ఇంకో అడుగు దాకా పూతంతా కొట్టించాం. ఇటుకలు బయటపడ్డాయి. నీళ్ళు పోసి కడగొద్దు, ఉప్పు మళ్ళీ లోపలికి పోతుందని చెప్పి, పొడి బ్రష్షుతోనే దులిపించాను. మొదటి వారం రోజూ చేటెడు తెల్లపొడి రాలింది. కిటికీలన్నీ బార్లా తెరిచి, హాల్లో రెండు ఫ్యాన్లు గోడ వైపు తిప్పి పెట్టాం. నీళ్ళలో మునిగిన వైర్లన్నీ లాగేసి, కొత్తవి ఎర్తు వైరుతో సహా వేయించి, సాకెట్లన్నీ నాలుగున్నర అడుగుల పైకి ఎత్తించాను. ఎర్తు గొయ్యి మళ్ళీ తవ్వించి బొగ్గూ ఉప్పూ పోయించాను. షాకు కొడితే కరెంటు దానంతటదే ఆగిపోయే ఆర్సీసీబీ పెట్టించాను. స్నానాల గది నీళ్ళ దారి మూసి, ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళు నిలబెట్టి, బయటి గోడకి చెమ్మ దిగుతుందేమో చూశాం. దిగలేదు. 1991లో పోసిన స్లాబుని మేస్త్రీ ఊచతో కొట్టి చూస్తూ ఇల్లంతా తిరిగాడు. గంట కొట్టినట్టు మోగింది. "ఇది ఎవరు పోయించారండీ?" అని అడిగాడు. చెప్పాను. తల ఊపి ఊరుకున్నాడు. నా సర్వీసులో నాకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు రాలేదు.

ప్రతి రాత్రీ పడుకునే ముందు జానెడు ప్లాస్టిక్కు కాగితం ముక్క ఒకటి ఇటుకల మీద నాలుగు వైపులా టేపు వేసి అంటిస్తున్నాను. పొద్దున్నే తీసి చూస్తే లోపలి వైపు సన్నటి నీటి బొట్లు. తడి ఇంకా వస్తోందన్నమాట. వేసవి మొదట్లో కాగితమంతా తడిచేది. ఇప్పుడు ఒక అంచున నాలుగైదు బొట్లు. దక్షిణం గోడ ఆరింది, ఉత్తరం గోడకి ఇంకా టైముంది. బొట్టు పడని రోజు వచ్చాకే పూత. ఆ పూత ఆరాక సున్నమే వేయిస్తాను, ఎమల్షను వద్దు.

మొన్న సాయంత్రం ఒక జంట వచ్చారు, ఆరేళ్ళ పాపతో. అతను ఆటోనగర్‌లో పనిచేస్తాడట. గోడలు ఇటుకలతో నిలబడి ఉంటే ఆ అమ్మాయి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రండి తల్లీ అని పిలిచి, పూత కొట్టని ఒక చోటు చూపించాను. హాల్లో మెట్ల పక్కన జానెడు వెడల్పు అలాగే వదిలించాను, మరకతో సహా. "ఇంతదాకా వచ్చాయి. వారం పైన ఉన్నాయి" అన్నాను. అతను మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళి చూసొచ్చాడు. పాప వచ్చి ఆ మరక పక్కన గోడకి వీపు ఆనించి నిలబడింది. మరక పాప తల కంటే పైన ఉంది. ఆ తల్లి చూస్తూ నిలబడింది. రేటు అడగలేదు, వద్దనీ అనలేదు. డాబా మీద రేకుల గది వేసుకోవచ్చా అని మాత్రం అడిగింది. వేసుకోవచ్చు తల్లీ, స్లాబు మోస్తుంది అన్నాను.

మధ్యవర్తి రోజూ ఫోను చేస్తున్నాడు, పార్టీలున్నాయి, ఎప్పుడు చూపిస్తారని. ఉత్తరం గోడ ఆరలేదు, జ్యేష్ఠం వెళ్ళాక తీసుకురమ్మన్నాను. మేస్త్రీ కొడుకు నిన్న ఆ జానెడు మరక దగ్గర నిలబడి, "దీని మీద కూడా పూత వేసెయ్యాలా అండీ చివర్లో?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే వాళ్ళ నాన్న తల అడ్డంగా ఊపి, జేబులోంచి పెన్సిలు తీసి మరక అంచున గుర్తు పెట్టాడు. రేపు వచ్చేటప్పుడు తారు తెస్తానన్నాడు.